పై గేజి చూసుకుంటూ కారు కోసం ఎదురుచూడడం

కిందటి వేసవిలో మెల్‌బోర్న్ వెళ్ళి మా అబ్బాయి కారెక్కి వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో ఒక నిరీక్షణ మొదలైంది. అది విద్యుత్తు కారు. అక్కడ దొరుకుతుంది, మన దేశంలో ఇంకా దిగలేదు. దాని పేరు మాత్రం చెప్పను. పేరు చెబితే చదివేవాళ్ళలో సగం మంది ఆ కారును తిట్టడానికి, మిగతా సగం మంది మోయడానికి దిగుతారు. నేను చెప్పదలచింది కారు గురించి కాదు, అది వచ్చేలోపు మనం చేయవలసిన పనుల గురించి.

ఎదురుచూడడం కోనసీమవాళ్ళకు ఎవరూ నేర్పనక్కరలేదు. కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం 2000–01లో మంజూరైంది. గౌతమిలో స్తంభాలు లేచాయి, రైలు కూత ఇంకా వినపడలేదు. కానీ ఆ ఎదురుచూపు వేరు, నేను ఉద్యోగంలో చేసిన ఎదురుచూపు వేరు. నీటిపారుదల శాఖలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేశాను. వరద రోజుల్లో నా పని నది నీటిమట్టం చూపే గేజి చదివి పైకి చెప్పడం. మా ఊరికి నీళ్ళు ఎప్పుడు వస్తాయో తెలుసుకోవాలంటే మా ఊరి ఏటిగట్టు మీద నిలబడి చూస్తే లాభం లేదు. పైన భద్రాచలంలో గోదావరి ఎన్ని అడుగులుందో చూడాలి. అక్కడ 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ అంకెను బట్టి పశువులను గట్టు ఎక్కించాలా, బియ్యం బస్తాలు అటక మీద పెట్టాలా అన్నది తేలుతుంది. కారు విషయంలోనూ అంతే. షోరూము గుమ్మం దగ్గర నిలబడితే ఏమీ తెలియదు. పై గేజీలు చూడాలి.

మొదట ఒక కాగితం తీసుకోండి

ఆ కారు కోసమే ఎందుకు ఆగుతున్నారో రాయండి. మనసులో అనుకోవడం కాదు, కాగితం మీద రాయండి. నేను నాలుగు కారణాలు రాశాను. ఒకటి, కారులోని కరెంటును ఇంటికి వాడుకునే సౌకర్యం. రెండు, ఐరన్ ఫాస్ఫేట్ రకం బ్యాటరీ. ఈ రకాన్ని నూటికి నూరు శాతం ఛార్జింగు పెట్టినా పెద్దగా నొచ్చుకోదు, వేడికీ కాస్త ఓర్చుకుంటుంది. మూడు, సీటు ఎత్తు, ఎందుకంటే మా ఆవిడ మోకాళ్ళు కిందికి కూర్చుని లేచే కార్లను ఒప్పుకోవు. నాలుగు, ఒక్క ఛార్జింగుతో నిజంగా 350 కిలోమీటర్లు.

మా ఆవిడ ఆ కాగితం చూసి, కళ్ళజోడు పెట్టుకుని, తన చేతిరాతతో అయిదో కారణం చేర్చింది: ‘అబ్బాయి దగ్గర అదే ఉంది కాబట్టి.’

ఇక ఆ కాగితం పట్టుకుని రాజమండ్రిలో ఉన్న షోరూములన్నీ ఒకరోజు తిరిగాను. తిరిగితే తెలిసిందేమిటంటే, మొదటి మూడూ ఇప్పటికే మన దేశంలో దొరుకుతున్నాయి. ఇంటికి కరెంటు ఇచ్చే సౌకర్యం 2023లో మార్చి విడుదల చేసిన టాటా నెక్సాన్ విద్యుత్తు కారులోనే వచ్చింది. ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు టాటా, మహీంద్రా, ఎంజీ కార్లలో ఉన్నాయి. సీటు ఎత్తుకు కొలత టేపు చాలు. మిగిలినవి నాలుగోది, అయిదోది. నా నిరీక్షణలో సగం పైగా అనవసరమని ఆ రోజే తెలిసింది. అయినా మానలేదు, అది నా బలహీనత. మీకైనా ఈ కాగితం ముందే పనికిరావాలని చెబుతున్నాను.

ఓడలో తెప్పించుకుందామనే ఆలోచన

ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు ఈ మాట అంటారు. మా అబ్బాయి కూడా అన్నాడు: “నాన్నగారూ, మీరు ఎదురుచూడడం ఎందుకు, నేనే ఇక్కడ కొని ఓడలో పంపిస్తాను.” మన జిల్లాలో గల్ఫ్‌లో ఉన్న పిల్లలు ఇంటికొకరు చొప్పున ఉంటారు కాబట్టి వాళ్ళూ అంటారు. గల్ఫ్ సంగతి ఒక్క మాటలో తేలిపోతుంది. అక్కడి కార్లకు స్టీరింగు ఎడమ వైపు ఉంటుంది, మన దిగుమతి నియమాలు కుడివైపు స్టీరింగే అడుగుతాయి. ఆస్ట్రేలియాలో స్టీరింగు కుడివైపే, ఛార్జింగు ప్లగ్గు కూడా మన దగ్గర వాడే సీసీఎస్-2 రకమే. అక్కడ అడ్డుపడేది సుంకం. పూర్తిగా తయారై వచ్చే కారు మీద 2025 నాటి లెక్కల్లో సుంకం 70 శాతం నుంచి 110 శాతం దాకా పడుతుంది. అంటే కారుతో పాటు దాదాపు ఇంకో కారు ధర కట్టాలి. పైగా మన దేశంలో సర్వీసు లేని కారుకు అద్దం పగిలితే అద్దం కూడా ఓడలోనే రావాలి. మా అబ్బాయికి ఈ లెక్క పంపాను. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మొదటి హెచ్చరిక: స్టీరింగు ఎటు ఉంది

కొత్త కారు చైనాలోనో అమెరికాలోనో కొరియాలోనో విడుదలైందని వార్త రాగానే సంబరపడవద్దు. అవన్నీ ఎడమ స్టీరింగు దేశాలు. కుడి స్టీరింగుతో బ్రిటన్‌లోనో ఆస్ట్రేలియాలోనో థాయ్‌లాండ్‌లోనో అమ్మకం మొదలైన నాడు 43 అడుగులు దాటిందనుకోండి. అప్పుడు పేపరు జాగ్రత్తగా చదవడం మొదలుపెడితే చాలు, పశువులను విప్పనక్కరలేదు.

నేపాల్‌లోనూ కుడి స్టీరింగే, చైనా విద్యుత్తు కార్లు అక్కడ బాగా తిరుగుతున్నాయి. అది చూసి, పక్క దేశానికి వచ్చింది కదా, మనకూ వారంలో వస్తుందనుకుంటారు. రాదు. సరిహద్దు దేశాల కంపెనీలు మన దేశంలో పెట్టుబడి పెట్టాలంటే 2020 ఏప్రిల్ నుంచి కేంద్ర ప్రభుత్వ అనుమతి తప్పనిసరి అయింది. కాబట్టి నేపాల్ గేజి మన నదిది కాదు.

రెండో హెచ్చరిక: ఎక్కడ బిగిస్తారు

ఇది ముఖ్యమైనది, తొందరపడకుండా చదవండి. కారు ఇక్కడికి వస్తుందా అన్నదానికంటే ఎలా వస్తుందన్నది పెద్ద ప్రశ్న, ఎందుకంటే ధర అంతా దాని మీదే ఉంటుంది. ఒకే సంస్థ కుటుంబానికి చెందిన రెండు కార్లు చూడండి. రెండింటి కింద ఉన్న మూల నిర్మాణం ఒకటే. కియా ఈవీ6 పూర్తిగా తయారై 2022లో దిగుమతి అయింది, ప్రారంభ ధర 59.95 లక్షలు. హ్యుందాయ్ ఐయానిక్ 5ను ఇక్కడే బిగించి 2023 జనవరిలో 44.95 లక్షలకు మొదలుపెట్టారు. పదిహేను లక్షల తేడా! బ్యాటరీలో, హంగుల్లో తేడాలున్నా, ఆ తేడాలో పెద్ద వాటా సుంకానిదే. అదే కియా మన పెనుకొండ కర్మాగారంలో తయారుచేసిన క్యారెన్స్ క్లావిస్ విద్యుత్తు కారును 2025 జూలై 15న 17.99 లక్షలకు ప్రారంభించింది. విచిత్రం ఏమిటంటే సరిగ్గా అదే రోజున టెస్లా ముంబయిలో తన మొదటి షోరూము తెరిచి, షాంఘైలో తయారైన మోడల్ వైని 59.89 లక్షలకు పెట్టింది. ఆ రోజు పేపర్లలో ముంబయి ఫొటో పెద్దదిగా వచ్చింది, పెనుకొండ కారుది చిన్నదిగా వచ్చింది. కొనేవాడికి పనికొచ్చేది చిన్న ఫొటో.

టెస్లా మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 2016 ఏప్రిల్‌లో మోడల్ 3 కోసం మన దేశం నుంచి కూడా వెయ్యి డాలర్లు కట్టినవాళ్ళున్నారు. తొమ్మిదేళ్ళ తరువాత షోరూము తెరిస్తే అందులో ఉన్నది మోడల్ వై! అందుకే కంపెనీ అధిపతి మాటను నేను గేజిగా లెక్కపెట్టను. అది వాతావరణ శాఖ కాదు, పంచాంగం.

మరి దేన్ని లెక్కపెట్టాలి? కర్మాగారాన్ని. వియత్నాం కంపెనీ విన్‌ఫాస్ట్ 2025 జనవరిలో ఢిల్లీ ప్రదర్శనలో కార్లు చూపించింది. ఆగస్టు 4న తూత్తుకుడిలో కర్మాగారం ప్రారంభించింది. సెప్టెంబరు 6న ధరలు చెప్పింది. ప్రదర్శన నుంచి ధరకు ఎనిమిది నెలలు, కర్మాగారం నుంచి ధరకు నెల రోజులు. ఇంకో ఉదాహరణ దీనికి ఎదురు నడుస్తుంది. మారుతీ సుజుకీ ఈ-విటారా మన గుజరాత్‌లోని హన్సల్‌పూర్‌లోనే తయారవుతోంది. 2025 ఆగస్టు 26న ఉత్పత్తి ప్రారంభమైంది. మొదటి కార్లు మాత్రం ఓడెక్కి ఐరోపా వెళ్ళాయి. మన కొబ్బరికాయ ముందు ఉత్తరాదికి లారీ ఎక్కి, మిగిలింది అంబాజీపేటలో మనకు దొరికినట్టు. కాబట్టి కర్మాగారం ఉందంటే 48 అడుగులు దాటిందని మాత్రమే అర్థం, రేపే ఇంటికి వస్తుందని కాదు.

ఇక ముసుగు వేసిన కార్లు పుణెలోనో మానేసర్‌లోనో తిరుగుతున్నాయన్న ఫొటోలు. పుణెలో ఏఆర్ఏఐ, మానేసర్‌లో ఐక్యాట్ అనే పరీక్షా సంస్థలున్నాయి, కొత్త వాహనాలకు అనుమతి పత్రాలు అలాంటిచోట్లే ఇస్తారు. ముసుగు కారు ఒకసారి కనిపిస్తే నేను పట్టించుకోను. వర్షాకాలంలో ఒకసారి, ఎండల్లో ఒకసారి, ఆరు నెలల తేడాలో కనిపిస్తే అప్పుడు నోట్‌బుక్‌లో రాసుకుంటాను. ఒక మినహాయింపు ఉంది: 2018లో మార్చిన నియమం ప్రకారం ఒక కంపెనీ ఏడాదికి 2,500 కార్ల దాకా ఇక్కడ మళ్ళీ పరీక్షలు చేయించకుండా తెచ్చుకోవచ్చు. ఆ దారిలో వచ్చే కారు తొందరగా వస్తుంది, ఖరీదుగా వస్తుంది, హైదరాబాదు దాటి రాదు.

మూడో హెచ్చరిక: మన జిల్లాలో మెకానిక్కు

ధర ప్రకటించారు, టీవీలో ప్రకటన వస్తోంది, అయినా అది మీ కారు కాదు. రాజమండ్రిలోనో కాకినాడలోనో భీమవరంలోనో సర్వీసు కేంద్రం తెరిచారా? అందులో అధిక వోల్టేజీ పని నేర్చిన మనిషి ఎందరు? బ్యాటరీ పెట్టె దెబ్బతింటే ఇక్కడే విప్పుతారా, లారీ మీద వైజాగ్ పంపుతారా? ఈ మూడు ప్రశ్నలు షోరూములో అమ్మే కుర్రవాడిని కాదు, వెనక షెడ్డులో నూనె చేతులతో ఉన్నాయనను అడగండి. నేను అడిగిన ఒకచోట ఆ పెద్దమనిషి, “ఇద్దరం శిక్షణకు వెళ్ళొచ్చామండీ, ఒకాయన మానేశాడు,” అన్నాడు. అంతకంటే నిజమైన సమాచారం ఏ కరపత్రంలోనూ దొరకదు.

శబరి నీళ్ళు

భద్రాచలం గేజి ఒక్కటే చూసి మోసపోయినవాళ్ళు మా శాఖలోనూ ఉన్నారు. ఎందుకంటే శబరి వచ్చి గోదావరిలో కలిసేది కూనవరం దగ్గర, భద్రాచలానికి దిగువన. పైన నది తగ్గుతున్నా శబరి పొంగితే ధవళేశ్వరం దగ్గర నీళ్ళు తగ్గవు. కారు నిరీక్షణలో శబరి అంటే ప్రభుత్వ విధానం. అది పక్క నుంచి వచ్చి కలుస్తుంది.

విద్యుత్తు కార్ల మీద జీఎస్టీ 2019 ఆగస్టు 1న 12 నుంచి 5 శాతానికి తగ్గింది. అది అలాగే ఉంది. కానీ 2025 సెప్టెంబరు 22న చిన్న పెట్రోలు కార్ల మీద పన్ను 28 నుంచి 18కి తగ్గింది. అంటే మీరు ఆగిన ఏడాదిలో విద్యుత్తు కారు ధర పెరగకపోయినా, పెట్రోలు కారుతో దానికున్న తేడా మారిపోయింది. కారు రుణం వడ్డీ మీద ఆదాయపు పన్ను రాయితీ ఉందని ఇప్పటికీ చెప్పేవాళ్ళున్నారు. అది 2023 మార్చి 31 లోపు మంజూరైన రుణాలకే. విదేశీ కంపెనీలు 4,150 కోట్లు పెట్టుబడి పెడితే ఏడాదికి 8,000 కార్ల దాకా 15 శాతం సుంకంతో తెచ్చుకోవచ్చని 2024 మార్చిలో కేంద్రం చెప్పింది. అది చదివి మా స్నేహితుడొకాయన తన పాత కారు అమ్మేసి ఆటోల్లో తిరుగుతున్నాడు. విధానం వచ్చిందంటే కారు వచ్చినట్టు కాదు. రాష్ట్ర జీవితకాల పన్ను రాయితీ సంగతి మాత్రం పాత వార్తలు నమ్మకుండా, కొనే నెలలో రవాణా శాఖ కార్యాలయానికి వెళ్ళి అడగండి. పది లక్షలు దాటిన కారుకు షోరూమువాళ్ళు ఒక శాతం పన్ను ముందే వసూలు చేస్తారు, దాన్ని మన ఆదాయపు పన్ను లెక్కలో తిరిగి తీసుకోవచ్చు. రసీదు పారేయకండి.

బయానా ఇచ్చే ముందు

ఇక్కడ నా తెలివితక్కువతనం చెప్పుకోవాలి. మెల్‌బోర్న్ వెళ్ళక ముందు ఇంకో కారు మీద మనసు పడ్డాను. దాని ధర కూడా ప్రకటించకముందే, ఒక షోరూములో 21,000 రూపాయలు కట్టాను. ‘నెలన్నరలో అండీ’ అన్నారు. ఆ నెలన్నర మూడుసార్లు పుట్టింది. చివరికి వచ్చినప్పుడు నేను కోరిన రకం కాకుండా రెండున్నర లక్షలు ఎక్కువైన రకం ముందు ఇస్తామన్నారు. డబ్బు వెనక్కి ఇమ్మంటే నాలుగు నెలలు, పదకొండు ఫోన్లు, రెండు సార్లు స్వయంగా ప్రయాణం. ఆ డబ్బు మీద వడ్డీ పోతే పోయింది, పౌరుషం పోయింది.

అప్పటి నుంచి నా పద్ధతి ఇది. బయానా తిరిగి ఇస్తారా, ఎన్ని రోజుల్లో ఇస్తారు అన్నది రసీదు మీదే రాయించుకుంటాను. కారు రకం, రంగు, బ్యాటరీ పరిమాణం కూడా అందులో ఉండాలి. ‘డెలివరీ నాటి ధర వర్తిస్తుంది’ అన్న చిన్న అక్షరాల వాక్యం దాదాపు అన్నిచోట్లా ఉంటుంది. దాన్ని కొట్టివేయించలేం గాని, అది ఉందని తెలిసి ఇస్తే తరువాత కడుపుమంట తగ్గుతుంది. డబ్బు షోరూము యజమాని ఖాతాలోకి పోతోందా, కంపెనీ ఖాతాలోకి పోతోందా చూసుకోండి. మిగతా డబ్బు బ్యాంకులో స్వల్పకాలిక డిపాజిట్టులో ఉంచండి. ధర రాకముందే కొబ్బరి దింపు డబ్బులు ఎవరి చేతిలోనూ పెట్టవద్దు.

ఇల్లు సిద్ధం చేయడం

ఎదురుచూసే కాలంలో నిజంగా పనికొచ్చే పని ఇదే. ఏ కారు కొన్నా ఇది వృథా పోదు.

మా ఇల్లు గన్నవరం అక్విడక్టుకు దగ్గరలో, ఏటిగట్టుకు లోపల. 1986 వరద గుర్తు మా నాన్నగారు హాలు గోడ మీద మేకుతో గీశారు, నా ఛాతీ దాకా వస్తుంది. 2022 జూలైలో భద్రాచలం 71 అడుగులు దాటి, ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు మించి పోయినప్పుడు మా అరుగు రెండో మెట్టు మునిగింది. ఛార్జింగు పెట్టె ఎంత ఎత్తున పెట్టాలని ఎలక్ట్రీషియన్ అడిగితే ఆ మేకు గీత చూపించి, దానికి జానెడు పైన అన్నాను. కంపెనీ బొమ్మలో నడుం ఎత్తున ఉంటుంది. కంపెనీకి గోదావరి తెలియదు.

మామూలు 16 ఆంపియర్ల సాకెట్టు నుంచి గంటకు 3.3 యూనిట్ల చొప్పున ఎక్కుతుంది. రాత్రి ఎనిమిది గంటలు పెడితే 26 యూనిట్లు. నూరు కిలోమీటర్లకు 15 యూనిట్లు అనుకుంటే, మధ్యలో పోయే నష్టం తీసేసినా తెల్లవారేసరికి 150 కిలోమీటర్లు సిద్ధం. పల్లెలో తిరిగేవాడికి ఇంతకంటే ఏం కావాలి? గోడకు బిగించే 7.2 కిలోవాట్ల పెట్టె కావాలంటే మీటరు నుంచి విడిగా 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, దూరం ఎక్కువైతే 10, ప్రత్యేకంగా ఎంసీబీ (లోడు మించితే పడిపోయే స్విచ్చి), కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ వేయించండి. ఇంటి మంజూరు లోడు చాలకపోతే కరెంటు పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్‌కు దరఖాస్తు పెట్టి పెంచుకోవాలి. కారు వచ్చాక పెడితే కారు నిలబడి ఉంటుంది, మీరు కార్యాలయం చుట్టూ తిరుగుతుంటారు.

ఎర్తింగు సంగతి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే డెల్టాలో దీనికి రెండు ముఖాలున్నాయి. మన నేల తడి నేల, కరెంటు భూమిలోకి తేలికగా దిగుతుంది. కానీ సముద్రం వైపు ఊళ్ళలో, చెరువులు తవ్విన చోట నేల ఉప్పెక్కింది, ఇనుప కడ్డీని అయిదారేళ్ళలో తినేస్తుంది. పైకి ఎర్తు తీగ ఉన్నట్టే ఉంటుంది, కింద కడ్డీ ఉండదు. రాగి పూత కడ్డీ వేయించి, ఏటా వర్షాలకు ముందు కొలిపించండి. ఎర్తు సరిగా లేకపోతే కారు ఛార్జింగే తీసుకోదు, ఎర్రదీపం వెలిగించి మొండికేస్తుంది. అది మన మంచికే.

సాయంత్రం ఏడింటికి మా వీధిలో వోల్టేజీ పడిపోతుంది. పదకొండు దాటాక పెట్టుకునేలా సమయం అమర్చుకోండి.

కారు ఎక్కడ నిలుపుతారో ఇప్పుడే తేల్చుకోండి. ఈ కొత్త కార్లకు పైకప్పు అంతా అద్దం. మన పెరట్లో నీడ అంటే కొబ్బరిచెట్టు నీడ. నలభై అడుగుల ఎత్తు నుంచి పండుకాయ పడితే ఏమవుతుందో వేరే చెప్పాలా? నేను రేకుల షెడ్డు వేయించి, దాని పైన పాత టైర్లు పరిచాను. చూడడానికి బాగాలేదు, మా ఆవిడ రోజూ అంటుంది.

తుపాను, వరద

నేను ఇంటికి కరెంటు ఇచ్చే కారు కోరడానికి కారణం 1996 నవంబరు 6. ఆ తుపాను తరువాత మా ఊళ్ళో స్తంభాలన్నీ నేల మీద ఉన్నాయి, వారాల తరబడి లాంతర్లే. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు మళ్ళీ ఆ చీకటి గుర్తొచ్చింది. ఫ్రిజ్జు, నాలుగు ఫ్యాన్లు, పైట్యాంకు మోటారు రోజుకు అయిదారు యూనిట్లు తింటాయి. 50 యూనిట్ల బ్యాటరీ ఉన్న కారు నిండుగా ఉంటే వారం గడిచిపోతుంది. కాబట్టి కారు చూసేటప్పుడు ఆ సౌకర్యం ఎన్ని కిలోవాట్లు ఇస్తుందో, దానికి కావలసిన తీగ కారుతోపాటు ఇస్తారో విడిగా అమ్ముతారో అడగండి.

వరద మాత్రం వేరే సంగతి. బ్యాటరీ పెట్టెకు ఐపీ67 అని రాసి ఉంటే, మీటరు లోతు నిలకడ నీటిలో అరగంట తట్టుకుంటుందని అర్థం. ఒండ్రుతో పారే ఎర్రనీటిలో రెండు రోజులు ఉంటుందని కాదు. ధవళేశ్వరం దగ్గర 13 లక్షల క్యూసెక్కులకు రెండో హెచ్చరిక ఇస్తారు, అప్పుడే కారు తీసి రావులపాలెం వైపు మెరకలో ఉన్న బంధువుల ఇంట్లో పెట్టండి. పొరపాటున మునిగితే స్టార్టు చేయవద్దు, ఛార్జింగు పెట్టవద్దు, తాడు కట్టి లాగవద్దు. లారీ మీద ఎక్కించి పంపండి.

అంకెలు, గట్లు, పంటు

ఒకే కారు కిలోమీటర్ల అంకె దేశానికొకటి ఉంటుంది. 2022లో వచ్చిన కియా ఈవీ6 ఒక ఛార్జింగుకు ఐరోపా పరీక్షలో 528 కిలోమీటర్లు, మన పరీక్షలో 708! కారు అదే, బ్యాటరీ అదే, కొలిచే పద్ధతి వేరు. నేను మన దేశపు అంకెలో మూడింట రెండు వంతులే నమ్ముతాను. మాకు రాజమండ్రి ఆసుపత్రికి రానూపోనూ నూట ఇరవై దాటదు. అంతర్వేది తీర్థం అంతకంటే దగ్గర. ఏడాదికి రెండుసార్లు హైదరాబాదు, నాలుగు వందల పైన, దారిలో ఎలాగూ భోజనానికి ఆగుతాం. ఈ లెక్క వేశాక నా నాలుగో కారణం కూడా పలచబడింది.

వెడల్పు కొలవండి. మెల్‌బోర్న్‌లో ఆ కారు సన్నగా కనిపించింది. వచ్చాక టేపుతో చూస్తే అద్దాలతో కలిపి మా గేటుకు రెండువైపులా బెత్తెడు చొప్పున మిగులుతుంది. కాలవ గట్టు మీద ఎదురుగా వరిగడ్డి ట్రాక్టరు వస్తే ఎవరో ఒకరు వెనక్కి వెళ్ళాలి, ట్రాక్టరు వెళ్ళదు. సఖినేటిపల్లి రేవులో పంటు (నది దాటించే బల్లకట్టు) ఎక్కించేటప్పుడు పలక దగ్గర పొడవైన కారు పొట్ట రాసుకుంటుంది, ఆ పొట్టలోనే బ్యాటరీ ఉంది. నడిపి చూడమని షోరూమువాళ్ళు హైవే మీదకు తీసుకువెళతారు. మొహమాటపడకుండా నలుగురిని ఎక్కించుకుని గట్టు మీదకు పోనివ్వమనండి.

గడువు

పాత కారును ఎదురుచూపు పేరుతో పాడుపెట్టకండి. నేను రెండు సర్వీసులు ఎగ్గొట్టి, క్లచ్చు కాల్చుకుని, బయానాకు మించిన డబ్బు పోగొట్టుకున్నాను. గడువు పెట్టుకోండి, అది మీ పాత కారు బీమా తేదీ అయితే మంచిది, ఏటా ఒకసారి తప్పక గుర్తుచేస్తుంది. మాది ఉగాదికి పడుతుంది. ఈలోగా మూడో హెచ్చరిక రాకపోతే రాజమండ్రిలో చూసిన కార్లలో ఒకటి.

ఏ కారైనా తాళాలు తీసుకునే ముందు, తయారైన నెల చూడండి. ఓడల్లో, యార్డుల్లో నెలల తరబడి నిలబడ్డ కార్లుంటాయి. టైరు మీద తయారైన వారం, సంవత్సరం నాలుగు అంకెల్లో ఉంటాయి. ముందుభాగంలో ఉండే చిన్న 12 వోల్టుల బ్యాటరీ నిలబడి చచ్చిపోయి ఉండవచ్చు, పరీక్షించమనండి. షోరూములోనే ఒకసారి ఛార్జింగు తీగ తగిలించి చూడండి.

ప్రస్తుతానికి మా సాకెట్టు ఖాళీగా లేదు. మా వీధి చివర ఉండే విద్యుత్తు ఆటో అతను రాత్రిపూట పెట్టుకుంటున్నాడు, బదులుగా మునక్కాయలు తెచ్చి ఇస్తాడు. నిన్న మా అబ్బాయి ఫోను చేసి, “నాన్నగారూ, ఎంతవరకు వచ్చింది?” అని అడిగాడు. “43 దాటింది రా, 48 దగ్గర ఊగుతోంది,” అన్నాను. మా ఆవిడ ఫోను తీసుకుని, రాజమండ్రి కారులో తెలుపు బాగుంటుందా, ఆ నీలం బాగుంటుందా అని వాడిని అడుగుతోంది.